గోల్ఫ్‌లో షార్ట్ గేమ్ మెరుగుపడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే ఏ డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లినా ఒకటే దృశ్యం. మ్యాట్లన్నీ నిండి ఉంటాయి, అందరి చేతుల్లో డ్రైవరే, అంటే బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ (గోల్ఫ్ కర్ర). పక్కనే దగ్గరి షాట్లు నేర్చుకునే చిప్పింగ్ గ్రీన్ మీద మాత్రం ఒక్కరో ఇద్దరో. నేను కూడా మొదటి నాలుగేళ్లు ఆ మ్యాట్ల మీదే గడిపాను. తర్వాత చిప్పింగ్ గ్రీన్ వైపు నడిచాక నా హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత మేలు) 24 నుంచి 15కి వచ్చింది. అప్పటి నుంచి తోటి ఆటగాళ్లు, కొత్తగా మొదలుపెట్టిన స్నేహితులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కుడిచేతి వాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎడమచేతి వాటం వాళ్లు కుడి, ఎడమలు తారుమారు చేసుకుని చదువుకోండి.

షార్ట్ గేమ్ అంటే సరిగ్గా ఏమిటి?

పిన్‌కి, అంటే హోల్‌లో నిలబెట్టిన జెండా కర్రకి, సుమారు 100 గజాల లోపు నుంచి ఆడే ఆట అంతా షార్ట్ గేమే. పిచ్, చిప్, బంకర్ (ఇసుక గుంట) షాట్, పట్ (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, అంటే గ్రీన్ మీద, బంతిని దొర్లించే షాట్) అన్నీ ఇందులోకే వస్తాయి. పటింగ్‌ని విడిగా లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు. స్కోరు కార్డు మీద అన్నీ కలిసే పడతాయి కాబట్టి నేను కలిపే మాట్లాడతాను.

స్కోరులో నిజంగా అంత తేడా వస్తుందా? దూరం కొట్టేవాడిదే ఆట అంటారు కదా?

రెండు మాటల్లోనూ నిజం ఉంది. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్ షాట్లను లక్షల సంఖ్యలో లెక్కగట్టి చూశారు. మంచి ఆటగాళ్లకూ సగటు ఆటగాళ్లకూ మధ్య తేడాలో మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి షాట్ల వల్లే వస్తోందని తేల్చారు. కాబట్టి షార్ట్ గేమ్ ఒక్కటి ఉంటే చాలని నేను చెప్పను. అయితే మిగిలిన ఆ మూడో వంతు మన చేతిలో ఉంది. నలభై ఐదేళ్ల వయసులో, వారానికి ఒక్క రోజు ఆడుతూ, డ్రైవ్‌కి (హోల్ మొదట్లో కొట్టే దూరపు షాట్‌కి) ఇంకో 30 గజాలు కలుపుకోవడం చాలా కష్టం. అదే మనిషి రెండు నెలల్లో ఒకే గ్రీన్ మీద మూడు పట్‌లు పడే బెడదను సగానికి సగం తగ్గించుకోగలడు. దానికి కండబలం అక్కర్లేదు.

పాల్ రన్యన్ అనే అమెరికన్ ఆటగాడి కథ నాకు చాలా ఇష్టం. చిన్న మనిషి, డ్రైవ్ కూడా చిన్నదే. 1938 పీజీఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఆయనకు ఎదురు నిలిచింది ఆ రోజుల్లో బంతిని అందరికన్నా దూరం కొట్టే శామ్ స్నీడ్. రన్యన్ 8 అండ్ 7 తేడాతో గెలిచాడు. అంటే ఇంకా 7 హోల్స్ మిగిలి ఉండగానే 8 హోల్స్ ఆధిక్యంతో మ్యాచ్ ముగించేశాడు. మన దేశం నుంచి అదితి అశోక్‌ని చూడండి. పొడవుగా కొట్టే ఆటగాళ్లలో ఆమె లేదు. అయినా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చివరి హోల్ వరకు పతకం రేసులో నిలిచింది. పటర్ (పట్ కొట్టే క్లబ్) చేతబట్టుకునే నాలుగో స్థానం దాకా వచ్చింది. ఒకే ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో పతకం చేజారింది.

చిప్‌కీ పిచ్‌కీ తేడా ఏమిటి?

చిప్ గాలిలో కొంచెం, నేల మీద ఎక్కువ ప్రయాణిస్తుంది. పిచ్ గాలిలో ఎక్కువ ప్రయాణించి, పడ్డాక కొంచెం దొర్లి ఆగుతుంది. మధ్యలో బంకర్ గానీ నీళ్లు గానీ లేకపోతే చిప్ వైపే మొగ్గండి. దొర్లే బంతి ఎంత దూరం పోతుందో అంచనా వేయడం తేలిక. గాలిలో ఉన్న బంతిని అంచనా వేయడం కష్టం.

నా చిప్ ఒకసారి రెండడుగులు కదిలి ఆగిపోతుంది, ఇంకోసారి గ్రీన్ దాటి అవతలికి పోతుంది. ఎందుకు?

నన్ను అందరికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. రెండు తప్పులకూ మూలం ఒక్కటే. క్లబ్ నేలను తాకే చోటు బంతి వెనక్కి జరిగింది. వెనకాల నేలను తవ్వితే డఫ్. ఆ నేలను తాకి లేచి క్లబ్ అంచు బంతి నడుముకు తగిలితే టాప్.

మరి ఆ చోటు వెనక్కి ఎందుకు జరుగుతుంది? బంతిని పైకి లేపాలనే తపన వల్ల. గరిటెతో పప్పు తీసినట్టు క్లబ్‌ని బంతి కిందికి దూర్చి ఎత్తాలని చూస్తాం. అప్పుడు బరువు కుడికాలి మీదికి పోతుంది, మణికట్లు మడత విప్పుకుని ముందుకు తిరుగుతాయి. నిజానికి బంతిని లేపే పని మనది కాదు, లాఫ్ట్‌ది, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణానిది. ఇసుకలో వాడే సాండ్ వెడ్జ్‌కి 56 డిగ్రీల లాఫ్ట్ పెట్టిందే అందుకు. మనం కిందికి కొడితే బంతి పైకి లేస్తుంది. ఇది మనసు ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది.

నిలబడే పద్ధతి చెబుతాను. పాదాల మధ్య ఒక జానెడు కన్నా తక్కువ ఎడం ఉంచండి. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఎడమ కాలి మీద వేయండి, షాట్ అయ్యేదాకా అక్కడే ఉంచండి. బంతి మధ్యకి కొంచెం వెనకగా ఉండాలి, చేతులు బంతి కన్నా కొంచెం ముందుండాలి. కొంచెం అంటే కొంచెమే. చేతుల్ని మరీ ముందుకు నెడితే క్లబ్ అంచు కత్తిలా నేలలోకి దిగుతుంది. ఆ తర్వాత భుజాలతో, పట్ కొట్టినట్టే ఊపండి. ఛాతీ లక్ష్యం వైపు తిరుగుతూ ఉండాలి. ఛాతీ ఆగిపోతే చేతులు ఒంటరిగా దూసుకుపోయి మళ్లీ గరిటె పని మొదలుపెడతాయి.

ఒక పరీక్ష ఉంది. బంతికి ఒక జానెడు వెనకాల చేతి రుమాలు మడిచి పెట్టండి. రుమాలుకు తగలకుండా ఇరవై చిప్‌లు కొట్టండి. తగిలిన ప్రతిసారీ కారణం దాదాపు ఒకటే అయి ఉంటుంది. బరువు కుడివైపు వెళ్లిపోయింది.

చిప్‌కి ఏ క్లబ్ వాడాలి? నేను అన్నిటికీ సాండ్ వెడ్జే వాడతాను.

ఒకే క్లబ్‌తో అన్నీ కొట్టగలిగే గొప్ప ఆటగాళ్లు ఉన్నారు. కానీ ఆ ఒక్క క్లబ్‌తో వాళ్లు రోజుకు కొన్ని గంటలు గడుపుతారు. వారానికి ఒక రోజు ఆడే మనకు క్లబ్ మార్చి, ఊపు మార్చకుండా ఉంచుకోవడం మేలు.

క్లబ్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది బంతి పడే చోటు. ఈ పేజీలో ఒక్క విషయం గుర్తుపెట్టుకోమంటే నేను దీన్నే చెబుతాను. గ్రీన్ మీద, అంచు నుంచి ఒక గజం లోపలికి, చదునుగా ఉన్న చోటు వెతకండి. బంతి అక్కడ పడాలి. అక్కడి నుంచి పిన్ దాకా దొర్లాలి. గాలిలో ఎన్ని అడుగులు, నేల మీద ఎన్ని అడుగులు అని నడిచి కొలవండి. చదునైన, మామూలు వేగం ఉన్న గ్రీన్ మీద సుమారు లెక్క ఇలా ఉంటుంది. సాండ్ వెడ్జ్‌తో గాలిలో ఎంతో నేల మీద అంతే. పిచింగ్ వెడ్జ్‌తో నేల మీద రెండింతలు, 9 ఐరన్‌తో (ఐరన్ క్లబ్‌ల నంబర్ తగ్గేకొద్దీ లాఫ్ట్ తగ్గుతుంది) మూడింతలు, 8తో నాలుగింతలు, 7తో ఐదింతలు. గుర్తుంచుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. 12లో నుంచి ఆ ఇంతల సంఖ్య తీసేస్తే ఐరన్ నంబర్ వస్తుంది. నాలుగింతలు దొర్లాలంటే 12లో 4 పోగా 8 ఐరన్. పిచింగ్ వెడ్జ్‌ని 10గా లెక్కేసుకోండి.

గ్రీన్ ఎత్తుపల్లాలను బట్టి ఒక క్లబ్ అటో ఇటో మార్చాలి. ఎత్తు మీదికైతే 8 బదులు 7, పల్లానికైతే 9.

ఈ పద్ధతి వల్ల జరిగే మేలు లెక్కలో కన్నా చూపులో ఎక్కువ. పిన్ వైపు చూస్తే చేతులు భయంతో బిగుసుకుంటాయి. ఐదడుగుల దూరంలో ఉన్న ఒక మచ్చ వైపు చూస్తే సడలుతాయి. చిన్న పిల్లాడికైనా బంతిని చేత్తో ఆ మచ్చ మీదికి విసరడం వచ్చు కదా. ప్రాక్టీస్‌లో నేను ముందు రెండు బంతులు చేత్తోనే విసిరి చూస్తాను, అవి ఎంత దొర్లాయో గమనించాకే క్లబ్ తీస్తాను.

గ్రీన్ బయటి నుంచి పటర్ వాడితే చిన్నతనమా?

ఎంతమాత్రం కాదు. దానికి టెక్సస్ వెడ్జ్ అనే పేరే ఉంది. గట్టి నేల, గాలి ఎక్కువగా ఉండే చోట పుట్టిన పద్ధతి అది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నేల రాయిలా ఉంటుంది, గడ్డి పలచబడిపోతుంది. అలాంటి చోట వెడ్జ్ ఎగిరి బంతి నడుముకు తగిలే ప్రమాదం ఎక్కువ. గడ్డి పొట్టిగా, దారి నున్నగా ఉంటే నిస్సంకోచంగా పటర్ తీయండి. మీ చెత్త పట్ సాధారణంగా మీ సగటు చిప్ పక్కకే చేరుతుంది.

బౌన్స్ అంటే ఏమిటి? వెడ్జ్ మీద 56, 10 అని రెండు అంకెలు ఉంటాయి.

మొదటిది లాఫ్ట్, రెండోది బౌన్స్. వెడ్జ్ అడుగు భాగంలో వెనక అంచు, ముందు అంచు కన్నా కిందికి దిగి ఉంటుంది. ఆ వాలు కోణమే బౌన్స్. క్లబ్ నేలలోకి దిగబడకుండా జారిపోయేలా చేసేది అదే. పడవ అడుగు నీళ్ల మీద ఎలా జారుతుందో అలాగన్నమాట.

ఇసుక మెత్తగా ఉన్నా, మీ ఊపు నిటారుగా దిగేదైనా 10 నుంచి 14 డిగ్రీల బౌన్స్ కాపాడుతుంది. నేల గట్టిగా, ఇసుక పలచగా ఉంటే 6 నుంచి 8 మేలు. సాండ్ వెడ్జ్‌లో ఈ గుణాన్ని పెంచి పేరు తెచ్చింది అమెరికన్ ఆటగాడు జీన్ సారజెన్. విమానం పైకి లేచేటప్పుడు తోక భాగం కదిలే తీరు చూసి ఆలోచన తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. క్లబ్ అడుగున లోహం అతికించి, అరగదీసి చూసుకుని, ఆ వెడ్జ్‌తోనే 1932 బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఈ రోజు మనం బంకర్‌లోకి తీసుకెళ్లే క్లబ్‌కి అదే మూలం.

ఎన్ని వెడ్జ్‌లు ఉండాలి?

బ్యాగ్‌లో మొత్తం 14 క్లబ్‌లకే అనుమతి. మీ సెట్‌లోని పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ముందు కనుక్కోండి. కొత్త సెట్లలో అది 43, 44 డిగ్రీలే ఉంటోంది. అక్కడి నుంచి నాలుగు నుంచి ఆరు డిగ్రీల చొప్పున ఎడం వచ్చేలా చూసుకోండి. 44, 50, 56 చాలామందికి సరిపోతాయి. 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ కొనాలని మనసు లాగుతుంది. ఒక్క సంవత్సరం ఆగండి.

40 నుంచి 80 గజాల మధ్య దూరాలు అస్సలు కుదరడం లేదు.

ఫుల్ షాట్ కొడితే ఎక్కువ, సగం కొడితే ఎంతో తెలియదు. అందుకే టెన్షన్. ఈ దూరాల్లో అందరూ చేసే తప్పు, చేతిని బాగా వెనక్కి తీసుకెళ్లి, బంతి దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గించడం. దానికి విరుగుడు వెనక్కి తీసుకెళ్లేదే తక్కువ చేసి, ముందుకు ధైర్యంగా వెళ్లడం.

నాసాలో పనిచేసి, ఆ తర్వాత జీవితమంతా షార్ట్ గేమ్ నేర్పిన డేవ్ పెల్జ్ గడియారం పద్ధతిని బాగా ప్రచారం చేశారు. మీ ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు మీ ఎడమ చెయ్యి గడియారం ముల్లులా కనిపిస్తుందనుకోండి. వెనక్కి ఊపేటప్పుడు ఆ చెయ్యి ఏడున్నర దగ్గర ఆగితే ఒక దూరం, తొమ్మిది దగ్గర ఆగితే ఇంకో దూరం, పదిన్నరకు మరొకటి. వేగం, లయ మూడింటికీ ఒకటే. మూడు వెడ్జ్‌లకు మూడేసి ఊపులు అంటే తొమ్మిది దూరాలు మీ చేతిలోకి వచ్చినట్టే.

ఒక్కో ఊపుతో పది బంతులు కొట్టి, అవి పడిన చోటు కొలిచి, మధ్యస్థంగా వచ్చిన అంకెను చిన్న కాగితం మీద రాసి వెడ్జ్ షాఫ్ట్‌కి (కర్రకి) అంటించుకోండి. నియమాలు దానికి అడ్డు చెప్పవు. ఆగిన చోటు కాదు, పడిన చోటు కొలవాలి. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి కాబట్టి వీలైతే మీరు ఆడే బంతులతోనే ఈ లెక్క తీయండి.

బంకర్‌లో నుంచి బయటపడటమే గగనంగా ఉంది.

గోల్ఫ్‌లో బంతిని తాకకుండా ఆడే మామూలు షాట్ ఇదొక్కటే. గ్రీన్ పక్క బంకర్‌లో క్లబ్ ఇసుకను కొడుతుంది, ఇసుక బంతిని మోసుకెళ్తుంది. ఇది మనసులో నాటుకుంటే సగం పని అయినట్టే.

ముందు క్లబ్ ఫేస్‌ని (బంతిని తాకే ముఖాన్ని) కుడివైపు తెరవండి, ఆ తర్వాత గ్రిప్ పట్టుకోండి. గ్రిప్ పట్టుకున్నాక మణికట్టు తిప్పి తెరిస్తే, కొట్టేటప్పుడు అది మళ్లీ మూసుకుపోతుంది. పాదాలను ఇసుకలోకి కొంచెం దించండి. జారకుండా ఉంటుంది, పైగా ఇసుక లోతు ఎంతో పాదాలకే తెలుస్తుంది. బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. బరువు ఎడమవైపు. బంతికి రెండు అంగుళాల వెనకాల ఇసుకను చూస్తూ, 10 గజాల షాట్‌కి కూడా 30 గజాల పిచ్‌కి ఊపినంత ఊపండి. ఇసుక శక్తినంతా మింగేస్తుంది. మధ్యలో ఆపితే బంతి అక్కడే ఉండిపోతుంది. క్లబ్ అవతలికి వెళ్లి, ఊపు పూర్తి కావాల్సిందే.

ప్రాక్టీస్ బంకర్‌లో బంతి పెట్టకుండా ఇసుక మీద ఒక గీత గీసి, ఆ గీత మీదే ఇసుక లేచేలా వరసగా కొట్టుకుంటూ వెళ్లండి. గీత వెనకాల గుంటలు పడుతున్నాయంటే, మీ బంకర్ జబ్బు పేరు తెలిసినట్టే.

వాన పడి ఇసుక గట్టిపడితే ఫేస్‌ని అంతగా తెరవకండి, బౌన్స్ తన్నేస్తుంది. బంతి ఇసుకలో సగం కూరుకుపోతే ఫేస్ నేరుగా ఉంచి, నిటారుగా దించండి. అలా వచ్చిన బంతి స్పిన్ లేకుండా చాలా దూరం దొర్లుతుంది, దానికి చోటు చూసుకోండి.

బంకర్‌లో ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు?

2019లో నియమాలు సడలించారు. రాళ్లు, ఆకులు, పుల్లలు బంకర్‌లో నుంచి తీసేయొచ్చు, బంతి మాత్రం కదలకూడదు. క్లబ్‌ని బంతి ముందు గానీ వెనక గానీ ఇసుకకు ఆనించకూడదు. ప్రాక్టీస్ స్వింగ్‌తోనూ ఇసుకను తాకకూడదు. తాకితే, మొత్తం స్ట్రోక్‌లు లెక్కించే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ. బయటపడే దారే కనబడకపోతే, రెండు స్ట్రోక్‌లు కట్టుకుని బంకర్ బయట, పిన్‌కీ బంతికీ ఉన్న గీత మీద వెనక్కి వెళ్లి డ్రాప్ చేసుకోవచ్చు. ఆడి బయటికొచ్చాక ఇసుక సమం చేయడం మర్చిపోకండి. మీ అడుగు గుంటలో వెనక వాళ్ల బంతి పడితే ఎంత బాధో అనుభవిస్తే గానీ తెలియదు.

టీవీలో చూసినట్టు బంతిని నిటారుగా లేపే ఫ్లాప్ షాట్ ఎలా?

అమెరికన్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ కొడితే అద్భుతం. మనకు ఆ షాట్ అవసరం వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ అంతకు ముందు షాట్‌లో తప్పుడు నిర్ణయం తీసుకుని ఉంటాం. పిన్ ఏ అంచు దగ్గరుందో, బంతి సరిగ్గా అదే అంచు బయట పడితే మధ్యలో గ్రీన్ మిగలదు. అందుకే గ్రీన్ మీదికి కొట్టే అప్రోచ్ షాట్‌లో పిన్ పక్కనున్న విశాలమైన గ్రీన్ వైపు గురిపెట్టడం కూడా షార్ట్ గేమ్‌లో భాగమే అంటాను. బంతి కింద మెత్తటి గడ్డి దిండులా ఉంటే ఫ్లాప్ ప్రయత్నించొచ్చు. గట్టి నేల మీద వద్దు. ఒక నెలవారీ పోటీలో నేను 17వ హోల్ దగ్గర గట్టి నేల మీద నుంచి ఫ్లాప్ కొట్టబోయి ఏడు రాసుకున్నాను. పక్కకు ఆడి ఉంటే ఐదుతో బయటపడేవాణ్ణి.

మూడు పట్‌లు తగ్గడం ఎలా?

పార్ (మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోక్‌ల సంఖ్య) 72 ఉన్న కోర్సులో హోల్‌కి రెండు పట్‌ల చొప్పున 36 స్ట్రోక్‌లు, అంటే సగం ఆట, పటర్‌కే కేటాయించారు. మూడు పట్‌లకు కారణం సాధారణంగా గురి తప్పడం కాదు, దూరం తప్పడం. 30 అడుగుల పట్‌ను మనం ఐదడుగులు పక్కకు కొట్టడం అరుదు. ఏడడుగులు తక్కువగానో ఎక్కువగానో కొట్టడం మాత్రం రోజూ జరిగేదే.

పీజీఏ టూర్ ఆటగాళ్లే 8 అడుగుల నుంచి సగం సార్లే వేయగలరు. 20 అడుగుల నుంచి వంద పట్‌లకు పదిహేను దాకా పడతాయి. ఇది తెలిశాక నా మనసు కుదుటపడింది. దూరపు పట్‌ను హోల్‌లో వేయాలనుకోవడం మానేసి, హోల్ చుట్టూ మూడడుగుల వలయంలో ఆపితే చాలనుకున్నాను.

ప్రాక్టీస్‌కి నిచ్చెన ఆట ఆడండి. 10, 20, 30, 40 అడుగుల దగ్గర టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చి ఒక్కోదానికి ఒక్కో బంతి. ఒకే చోటి నుంచి పది బంతులు కొట్టొద్దు. మూడో బంతికల్లా చేతికి అలవాటైపోతుంది, కోర్సులో మాత్రం మొదటి బంతే లెక్క. రౌండ్ మొదలుపెట్టే ముందు పది నిమిషాలు కేవలం దూరపు పట్‌లు కొట్టండి. ఆ రోజు గ్రీన్ వేగం తెలుస్తుంది. పొద్దున మంచు తడి మీద నెమ్మదిగా పోయే బంతి, పది గంటలకు ఎండ తగిలాక పరుగెడుతుంది.

నాలుగడుగుల పట్ తప్పినప్పుడల్లా గుండె జారిపోతుంది.

హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. బంతి వెడల్పు దాదాపు అంగుళం ముప్పాతిక. నాలుగడుగుల దూరంలో ఎంత ఎక్కువ చోటు ఉందో ఒకసారి కొలిచి చూడండి, భయం కొంత తగ్గుతుంది. బంతి బయల్దేరే దిశను నిర్ణయించేది ముఖ్యంగా పటర్ ఫేస్ ఎటు చూస్తోందన్నదే, ఊపు దారి కన్నా అది చాలా ముఖ్యం. కాబట్టి బంతికి అటూ ఇటూ రెండు టీలు, పటర్ కొంచెం ఎడంతో దూరేటట్టు గుచ్చండి. బంతి ముందు ఒక అడుగు దూరంలో ఇంకో రెండు టీలతో చిన్న గుమ్మం కట్టండి. ఆ గుమ్మంలో నుంచి పాతిక బంతులు పంపండి.

తల ఎత్తకండి. బంతి హోల్‌లో పడే చప్పుడు చెవితో వినండి. చూడాలనే తొందరలో భుజం తెరుచుకుంటుంది, బంతి ఎడమకు పోతుంది.

గ్రీన్ చదవడం ఎలా? గ్రెయిన్ అంటే?

గ్రీన్ వైపు నడుస్తూ ఉండగానే మొదలుపెట్టండి. దూరం నుంచి చూస్తే మొత్తం వాలు కనిపిస్తుంది. వాన పడితే నీళ్లు ఎటు పారతాయి అని ఆలోచించండి. తర్వాత బంతి వెనక నుంచి, పల్లం వైపు పక్క నుంచి చూడండి. కళ్లు మోసపోయినా పాదాలు మోసపోవు. హోల్‌కీ బంతికీ మధ్య గీత మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడితే ఏ కాలి మీద బరువు ఎక్కువ పడుతోందో తెలుస్తుంది.

వెచ్చని ప్రాంతాల కోర్సుల్లో ఎక్కువగా ఉండేది బెర్ముడా గడ్డి. అది మన గరిక కుటుంబమే. వినాయక చవితికి కోసే గరిక నేల మీద పాకుతూ ఒక వైపు వాలుతుంది కదా, గ్రీన్ మీద కూడా అంతే. ఆ వాలునే గ్రెయిన్ అంటారు. బంతి వెనక నుంచి చూస్తే గడ్డి మెరుస్తూ లేతగా కనిపిస్తే గ్రెయిన్ మీ వెంట ఉంది, బంతి వేగంగా పోతుంది. ముదురు రంగులో కనిపిస్తే ఎదురుగా ఉంది, గట్టిగా కొట్టాలి. హోల్ అంచును దగ్గరగా చూడండి. ఒకవైపు గడ్డి చీలికలై గోధుమరంగుకు తిరిగి ఉంటే గ్రెయిన్ ఆ వైపుకు పోతోందని గుర్తు. మన దేశంలో బ్యాగ్ మోసి సలహా చెప్పే క్యాడీతో ఆడే భాగ్యం ఉంది. ఆ గ్రీన్ మీద రోజూ నడిచే క్యాడీ అన్న మాటకు మన కళ్ల కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి.

గ్రెయిన్‌కి ఎదురుగా చిప్ కొట్టాల్సి వస్తే వెడ్జ్ అంచు గడ్డిలో చిక్కుకుంటుంది. 8 ఐరన్‌తో గానీ పటర్‌తో గానీ దొర్లించేయండి.

ఎంత గట్టిగా కొట్టాలి? బంతి హోల్‌లో నెమ్మదిగా జారి పడాలా, తప్పితే దాటిపోయేంత వేగం ఉండాలా?

తప్పితే బంతి హోల్ దాటి సుమారు 17 అంగుళాలు, అంటే అడుగున్నరకు కొంచెం తక్కువ పోయే వేగం మంచిదని పెల్జ్ లెక్కగట్టారు. నేను నిటారు పల్లానికి కొట్టేటప్పుడు అంత కూడా తీసుకోను.

పిన్ తీసేయాలా, ఉంచాలా?

2019 నుంచి గ్రీన్ మీద పట్ కొట్టేటప్పుడు పిన్ ఉంచినా, బంతి దానికి తగిలినా పెనాల్టీ లేదు. దూరపు పట్‌లకు, పల్లపు పట్‌లకు నేను ఉంచుతాను. దగ్గరి పట్‌కి హోల్ ఖాళీగా కనిపిస్తేనే నాకు ధైర్యం.

చేతులు వణికి పట్ కుదరడం లేదు. ఇది జబ్బా?

దీన్ని యిప్స్ అంటారు. దగ్గరి పట్‌లో చెయ్యి తనంతట తాను కుదుపుతుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జర్మన్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌కి ఇది ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ గ్రిప్ మార్చి, పటర్ మార్చి బయటపడ్డాడు, 1985లోనూ 1993లోనూ మాస్టర్స్ గెలిచాడు. మీరూ పట్టుకునే తీరు పూర్తిగా మార్చి చూడండి. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన పెడితే మెదడుకు అది కొత్త పని అవుతుంది. లావు గ్రిప్ వేసినా కొందరికి ఉపశమనం ఉంటుంది. పటర్ చివరను ఛాతీకి గానీ పొట్టకు గానీ ఆనించి కొట్టడాన్ని మాత్రం 2016 నుంచి నిషేధించారు.

ఇంట్లో ప్రాక్టీస్ చేయడం కుదురుతుందా?

బాగా కుదురుతుంది. హాల్లో కార్పెట్ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి పట్ కొట్టండి. గ్లాసు మూతి హోల్ కన్నా చిన్నది కాబట్టి కోర్సులో హోల్ పెద్దగా కనిపిస్తుంది. టైల్స్ గీతలు పటర్ నేరుగా కదులుతోందో లేదో చూపిస్తాయి. డాబా మీద చిన్న మ్యాట్ ముక్క వేసి, ప్లాస్టిక్ బంతులతో బకెట్‌లోకి చిప్ చేయండి. ఇరుగుపొరుగు కిటికీలు కూడా భద్రం.

వారానికి ఒక్క గంటే దొరుకుతుంది. ఎలా వాడాలి?

ఇరవై నిమిషాలు నాలుగడుగుల లోపు పట్‌లు, పదిహేను నిమిషాలు నిచ్చెన ఆట. మిగతా టైమ్‌లో ఒక్క బంతి తీసుకుని గ్రీన్ చుట్టూ తొమ్మిది వేర్వేరు చోట్ల పడేయండి. మంచి చోటు, గతుకు, రఫ్ (పొడవు గడ్డి), బంకర్ అన్నీ ఉండాలి. ప్రతి చోటి నుంచి చిప్ కొట్టి, పట్ కూడా పూర్తి చేయండి. ఒక్కోదానికి పార్ రెండు, మొత్తం పార్ 18. స్కోరు నోట్‌బుక్‌లో రాయండి. మొదటిసారి నాకు 29 వచ్చింది, ఆరు నెలలకు 23. బుట్టెడు బంతులు ఒకే చోట నుంచి కొడితే వచ్చే సంతోషం వేరు, ఈ ఆటలో వచ్చే టెన్షన్ వేరు. కోర్సులో ఉండేది రెండోదే.

ప్రాక్టీస్‌కి ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా లోపలి కోర్సు, గచ్చిబౌలి దగ్గర బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నాయి. సభ్యత్వం లేకపోయినా ఎలా ఆడొచ్చో ఆయా క్లబ్బులకే ఫోన్ చేసి అడగండి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం దగ్గరే రెండెకరాల పటింగ్ గ్రీన్, పది హోల్స్ పొట్టి కోర్సు ఉన్నాయి. పిల్లలతో వెళ్లడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. స్కాట్లాండ్ వెళ్తే సెయింట్ ఆండ్రూస్‌లో హిమాలయాస్ అని పిలిచే పటింగ్ గ్రీన్ తప్పక చూడండి. 1867లో అక్కడి మహిళలు మొదలుపెట్టిన పటింగ్ క్లబ్‌ది అది. గుట్టలు గుట్టలుగా ఉంటుంది.

ఇప్పుడే మొదలుపెట్టాను, పూర్తి సెట్ కొనే స్తోమత లేదు. షార్ట్ గేమ్ నేర్చుకోగలనా?

తప్పకుండా. పేరుమోసిన ఆటగాడు సెవె బాయెస్తెరోస్ స్పెయిన్‌లో పెద్రేన్యా అనే ఊరి సముద్రతీరంలో, ఒకే ఒక్క 3 ఐరన్‌తో ఆట నేర్చుకున్నాడు. దాదాపు లాఫ్టే లేని ఆ క్లబ్‌తో ఇసుకలో నుంచి బంతిని లేపడం, ఆపడం, తిప్పడం అన్నీ చేతులకు తెలిశాయి. మీరు పాత సాండ్ వెడ్జ్ ఒకటి, పటర్ ఒకటి, అరడజను వాడిన బంతులు కొనుక్కుని మొదలుపెట్టండి. పటర్ నిడివి మీ ఎత్తుకు సరిపోతోందో లేదో మాత్రం చూసుకోండి. సహజంగా వంగి నిలబడ్డప్పుడు ముక్కు పైనుంచి వదిలిన బంతి, నేల మీది బంతి మీదో, దానికి కొంచెం లోపలో పడాలి. వెడ్జ్ గీతలు పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేస్తూ ఉండండి. మట్టి నిండిన గీతలు బంతికి స్పిన్ ఇవ్వలేవు.